లైబ్రరీ కంప్యూటర్‌లో అప్లికేషన్ పెట్టాలంటే: సత్రంలో దిగినట్టు దిగండి

మీ ఇంటిపన్ను రసీదు ఎక్కడుందో ఒకసారి వెతికి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరస కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున వేస్తారు, అటు ఆంధ్రలో అయినా ఇటు తెలంగాణలో అయినా. ఇంటిపన్ను 2,000 ఉంటే దాని మీద 160 రూపాయలు లైబ్రరీకి ఇస్తున్నట్టే లెక్క. అలా ఏటా కడుతూనే, ఉద్యోగం నోటిఫికేషన్ పడగానే నెట్ సెంటర్‌కి పరిగెత్తి, ఒక్కో అప్లికేషన్‌కి ఇంతని డబ్బులు ఇచ్చి, పైగా మన ఆధార్ కాపీ వాళ్ల డెస్క్‌టాప్ మీద వదిలేసి వస్తుంటాం. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో చాలావాటిలో, కొన్ని శాఖా గ్రంథాలయాల్లో కూడా కంప్యూటర్లున్నాయి, నెట్ ఉంది. వాడుకునేవాళ్లే తక్కువ. వాడుకున్నా జాగ్రత్తగా వాడుకోవడం చాలామందికి తెలియదు, నాకూ తెలియదు ఒకప్పుడు. ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు చేతులూపుకుంటూ ఒకసారి వెళ్లి రండి

ఫైళ్లన్నీ పట్టుకుని నేరుగా వెళ్లొద్దు. పని లేనప్పుడు ఒక సాయంత్రం ఊరికే వెళ్లి చూసి రండి. శాఖా గ్రంథాలయాలు చాలాచోట్ల పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, మధ్యాహ్నం తాళం. వారం సెలవు ఆదివారం కాకుండా శుక్రవారం ఉండటం కూడా మామూలే, ఇది తెలియక శుక్రవారం గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చినవాళ్లు ఎంతమందో.

వెళ్లినప్పుడు లైబ్రేరియన్ గారిని అడగాల్సినవి నాలుగే. కంప్యూటర్ ఎవరికైనా ఇస్తారా లేక సభ్యత్వం ఉండాలా, ఒక్కొక్కరికి ఎంతసేపు, పెన్ డ్రైవ్ పెట్టనిస్తారా, కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది. ఈ చివరిది అడగడానికి మొహమాటపడకండి. ఫారం మూడో పేజీలో ఉండగా స్క్రీన్ నల్లబడితే ఎలా ఉంటుందో పడినవాడికే తెలుస్తుంది. సభ్యత్వం అడిగితే తీసేసుకోండి, కట్టే డిపాజిట్ చిన్నదే, పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చు.

అడిగేటప్పుడు "సార్, నెట్ ఉందా?" అంటే "లేదు బాబూ" అని సగం చోట్ల ఒక్క మాటలో తేల్చేస్తారు. అలా కాకుండా "సార్, ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకోవాలి, ఒక గంట కంప్యూటర్ కావాలి, ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి చూడండి. పనేమిటో చెప్పి అడిగితే, కవరు కప్పి పక్కన పెట్టిన కంప్యూటర్‌కి కూడా ప్రాణం వస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను, కవరు తీయగానే లేచిన దుమ్ముకి ఆయనా నేనూ కాసేపు తుమ్ముకున్నాం కూడా.

చివరి తేదీ నాడు మాత్రం వెళ్లొద్దు. ఆ రోజు సర్వర్ మొరాయిస్తుంది, లైబ్రరీలో లైను ఉంటుంది, మీకు టెన్షన్. కనీసం నాలుగైదు రోజుల ముందు పెట్టుకోండి.

ఫైళ్లు ఇంట్లోనే సిద్ధం చేసుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. కంప్యూటర్ ముందు మీకు దొరికేది గంట అనుకుంటే, అందులో నలభై నిమిషాలు ఫొటో సైజు తగ్గించడానికే పోతుంది చాలామందికి. ఫోన్‌లో తీసిన ఫొటో రెండు మూడు ఎంబీలు ఉంటుంది, ఫారం ఏమో 50 కేబీ దాటకూడదంటుంది. ఎంత ఉండాలో, వెడల్పు పొడవులు ఎంతో నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ముందు రోజే చదివి ఒక కాగితం మీద రాసుకోండి.

సంతకం ఎలా తీయాలంటే, గీతల్లేని తెల్లకాగితం మీద నల్ల ఇంకు పెన్నుతో సంతకం చేసి, పగటిపూట కిటికీ పక్కన పెట్టి, ఫోన్‌ని సరిగ్గా పైన పట్టుకుని తీయండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే మీ చెయ్యి నీడే సంతకం మీద పడుతుంది, కాగితం బూడిదరంగులో వస్తుంది. తర్వాత సంతకం చుట్టూ దగ్గరగా కత్తిరించండి. ఖాళీ కాగితం ఎంత తగ్గితే ఫైలు అంత చిన్నదవుతుంది.

సైజు తగ్గించడానికి ఇంటర్నెట్‌లో బోలెడు ఫ్రీ వెబ్‌సైట్లు కనిపిస్తాయి. ఫొటో వరకు ఫర్వాలేదేమో కానీ ఆధార్, టెన్త్ మెమో, కుల ధ్రువపత్రం మాత్రం వాటిలో పెట్టకండి. ఊరూ పేరూ తెలియని సర్వర్‌కి మన కాగితాలు మనమే ఎక్కించి పంపడం అది. విండోస్ కంప్యూటర్‌లో పెయింట్ ఎలాగూ ఉంటుంది. ఫొటోని అందులో తెరిచి, రీసైజ్ నొక్కి, శాతం దగ్గర 25 అని కొట్టి, జేపెగ్‌గా వేరే పేరుతో సేవ్ చేసి, ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ఎన్ని కేబీలు వచ్చిందో చూడండి. ఇంకా ఎక్కువుంటే మళ్లీ అసలు ఫొటో నుంచే మొదలుపెట్టి ఇంకాస్త తక్కువ శాతం ఇవ్వండి. తగ్గించినదాన్నే మళ్లీ మళ్లీ తగ్గిస్తే మొహం గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది.

ఫైళ్ల పేర్లు కూడా మార్చుకోండి. కెమెరా పెట్టిన అంకెల పేర్లు అలాగే ఉంచితే, తొందరలో ఫొటో పెట్టాల్సిన చోట సంతకం పెట్టేస్తారు. ఫొటో, సంతకం, టెన్త్, డిగ్రీ, కులం... ఇలా ఒక్క మాటలో ఉంటే చాలు. అన్నీ ఒక కొత్త పెన్ డ్రైవ్‌లో వేసుకోండి, లేదా ఉన్నదాన్నే ఖాళీ చేసి ఇవి మాత్రమే పెట్టుకోండి. చెల్లెలి పెళ్లి ఫొటోలు, ఇంటి కాగితాలు ఉన్న పెన్ డ్రైవ్‌ని పదిమంది వాడే కంప్యూటర్‌లో గుచ్చొద్దు. వైరస్ పట్టి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతే తర్వాత మొత్తుకుని లాభం లేదు.

వీటితోపాటు ఒక కాగితం మీద హాల్ టికెట్ నంబర్లు, పాసైన సంవత్సరాలు, మార్కులు, పిన్ కోడ్ రాసి పెట్టుకోండి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వాళ్లకైతే ముందు మీ పేరు మీద ఒకసారి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆంధ్రలో ఓటీపీఆర్ అంటారు, తెలంగాణలో ఓటీఆర్ అంటారు. అది లేకుండా అప్లికేషన్ ముందుకే సాగదు. అది మీ ఫోన్‌లోనే తీరిగ్గా చేసుకోవచ్చు, లైబ్రరీ గంట దానికి ఖర్చుపెట్టక్కర్లేదు. ఆ ఐడీ, పాస్‌వర్డ్ మాత్రం అదే కాగితం మీద రాయకండి, అక్కడే మర్చిపోయి వచ్చేది ఆ కాగితమే.

కుర్చీలో కూర్చున్నాక

పాత రోజుల్లో యాత్రకు పోయేవాళ్లు సత్రంలో దిగితే మూట తలకింద పెట్టుకుని పడుకునేవాళ్లట, పొద్దున్నే చాప దులిపి, మూటలు లెక్కపెట్టుకుని బయల్దేరేవాళ్లట. లైబ్రరీ కంప్యూటర్ కూడా సత్రమే. మీకంటే ముందు ఎవరు కూర్చున్నారో తెలియదు, తర్వాత ఎవరొస్తారో తెలియదు.

అందుకని బ్రౌజర్ మామూలుగా తెరవొద్దు. క్రోమ్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కండి, ఫైర్‌ఫాక్స్ అయితే ఎన్ బదులు పీ. ప్రైవేట్ విండో వస్తుంది. ఆ విండోలు అన్నీ మూసేస్తే మీరు ఎక్కడెక్కడ లాగిన్ అయ్యారో ఆ కంప్యూటర్ మర్చిపోతుంది. అన్నీ అన్నాను గుర్తుంచుకోండి, ఒక్కటి కింద దాక్కుని ఉన్నా మీ లాగిన్ బతికే ఉంటుంది. ఇంకో విషయం, ప్రైవేట్ విండోలో డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం వాటంతటవి పోవు. వాటిని మీరే తీసేయాలి. ఇది తెలియకనే చాలామంది కొంపలు మునుగుతాయి.

కంప్యూటర్‌లో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో కుడివైపు కింద మూలన చూడండి. లోపల బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్‌లో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు ఏ సైటు తెరిచినా ఇది సురక్షితం కాదు అని ఎర్రగా చూపిస్తుంది. నెట్ పాడైందనుకుని లేచి వచ్చేస్తారు. తేదీ సరిచేయమని లైబ్రేరియన్‌ని అడిగితే అయిపోయే పని.

తెలుగులో టైపు చేయాల్సి వస్తే విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి చూడండి, తెలుగు కీబోర్డు పెట్టి ఉంటే మారుతుంది. లేకపోతే గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ పేజీ తెరిచి, తెలుగు ఎంచుకుని, పలికినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు అవుతుంది, అక్కడినుంచి కాపీ చేసి తెచ్చుకోండి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన మేటర్‌ని ఇక్కడికి తెచ్చి అతికిస్తే పిచ్చి గీతలే కనబడతాయి, అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనబడే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి.

ఓటీపీ సంగతి. ఆధార్‌కి లింకైన సిమ్ మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఉందా? నాన్న ఫోన్‌లో ఉండి ఆయన పొలంలో ఉంటే, మీరు ఇక్కడినుంచి "నాన్నా, నంబర్ వచ్చిందా, చదువు" అని రీడింగ్ రూమ్‌లో గట్టిగా అడగాలి, పేపర్ చదువుకునే పెద్దాయన కళ్లద్దాల పైనుంచి చూస్తాడు, ఆయన చదివేలోపు టైము అయిపోతుంది. పాత భవనాల్లో గోడలు మందం, సిగ్నల్ సరిగ్గా అందదు. ముందే కిటికీ దగ్గరున్న కంప్యూటర్ పట్టుకోండి.

ఫీజు కట్టేటప్పుడు కార్డు నంబర్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఆ కీబోర్డు మీద కొట్టొద్దు. కొట్టిన ప్రతి అక్షరాన్నీ దాచిపెట్టే దొంగ ప్రోగ్రాం అందులో ఉంటే ప్రైవేట్ విండో మిమ్మల్ని కాపాడలేదు. యూపీఐ పెట్టుకుని, స్క్రీన్ మీద వచ్చిన క్యూఆర్ కోడ్‌ని మీ ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేయండి. పిన్ మీ ఫోన్‌లోనే కొడతారు కాబట్టి గొడవ లేదు. డబ్బులు కట్ అయి పేజీ తిరుగుతూ ఉండిపోతే రెండోసారి వెంటనే కట్టకండి, కాసేపాగి మళ్లీ లాగిన్ అయి చూడండి.

లేచేముందు

ఇక నా కథ. కొన్నేళ్ల కిందట ఒక లైబ్రరీలో (ఏ ఊరిదో వద్దులెండి, తప్పు నాది) ప్రింట్ తీయడానికి ఫైలు ఫోన్‌లోంచి కంప్యూటర్‌కి తేవాలి. పెన్ డ్రైవ్ లేదు. తెలివి ఉపయోగించి మామూలు బ్రౌజర్‌లోనే వాట్సాప్ వెబ్ తెరిచి, ఫోన్‌తో స్కాన్ చేసి, నాకు నేనే పంపుకున్న ఫైలు దించుకున్నాను. పని అయింది, బ్రౌజర్ మూశాను, వచ్చేశాను. రెండు రోజుల తర్వాత ఎందుకో వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (మన ఖాతా ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూపే జాబితా) చూస్తే, విండోస్, గూగుల్ క్రోమ్ అని ఒకటి ఉంది, అదీ ఆ పూటే వాడినట్టు టైము. అంటే ఎవరో ఆ సీట్లో కూర్చుని వాట్సాప్ వెబ్ తెరవగానే, మా ఇంట్లోవాళ్ల మాటలన్నీ వాళ్ల ముందు పరుచుకున్నాయన్నమాట. ఒళ్లంతా చెమటలు పట్టాయి. అక్కడే ఫోన్‌లోనే లాగౌట్ కొట్టాను. వాళ్లు చదివారో, చూసి మూసేశారో ఇప్పటికీ తెలియదు.

కాబట్టి లేచేముందు ఇలా చేయండి. అప్లికేషన్ పీడీఎఫ్ పెన్ డ్రైవ్‌లోకి వేసుకుని, తెరుచుకుంటుందో లేదో అక్కడే చూడండి. కంట్రోల్, జే నొక్కితే మీరు ఏమేం డౌన్‌లోడ్ చేశారో వరసగా కనిపిస్తాయి, తర్వాత డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి వెళ్లి మీవి ఎంచుకుని షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి, అప్పుడు రీసైకిల్ బిన్‌లో కూడా మిగలవు. డెస్క్‌టాప్ మీద ఏమైనా పెట్టారేమో చూడండి. ముఖ్యంగా ఈ-ఆధార్. దానికి పాస్‌వర్డ్ ఉందిగా అని ధీమా వద్దు. ఆ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే మీ టెన్త్ మెమో కూడా వదిలేసి ఉంటే ఇంటి తాళం గుమ్మానికే వేలాడదీసినట్టు. వీలైన చోట మాస్క్‌డ్ ఆధార్ వాడండి, ఆధార్ సైటులోనే ఇస్తారు, చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనబడవు.

తర్వాత ప్రతి సైటులో సైన్ అవుట్, ఆపైన విండోలు మూయడం. ఇంటికొచ్చాక అనుమానం వస్తే ఫోన్‌లో గూగుల్ ఖాతా, సెక్యూరిటీ, మీ డివైస్‌లు అన్న చోటికి వెళ్లి, మీది కాని కంప్యూటర్ కనిపిస్తే అక్కడినుంచే సైన్ అవుట్ చేయొచ్చు. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని బ్రౌజర్ అడిగినప్పుడు చదవకుండా సరే కొట్టేసి ఉంటే మాత్రం పాస్‌వర్డ్ మార్చుకోవడమే మంచిది.

పని అయిపోయి టైము మిగిలితే

అప్లికేషన్ల కోసమే వెళ్లి వచ్చేస్తే ఆ కంప్యూటర్‌ని సగమే వాడినట్టు. ఒకప్పుడు పాత పత్రిక ఒకటి చూడాలంటే 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనానికో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికో పనిగట్టుకుని వెళ్లాల్సిందే. ఇప్పుడు ఆంధ్రపత్రిక లాంటి పాత పత్రికల సంచికలు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ (ఇప్పుడు మీడియా అకాడమీ అంటున్నారు) స్కాన్ చేయించి నెట్‌లో పెట్టింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు కూడా ఉంటాయి.

ఆర్కైవ్‌లో వెతకడానికి ఒక కిటుకు ఉంది. పుస్తకం పేరు తెలుగు లిపిలో కొడితే చాలాసార్లు ఏమీ రాదు, ఎందుకంటే స్కాన్ చేసిన రోజుల్లో పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. దీర్ఘాలకు ఒకరు ఒక అక్షరం, ఇంకొకరు రెండు, చివర ము ఒకచోట ఉంటుంది ఒకచోట ఉండదు. మూడు నాలుగు రకాలుగా రాసి వెతకండి, అప్పటికీ రాకపోతే రచయిత ఇంటిపేరుతో వెతకండి. కవి పేరుతో దొరకని కావ్యం, దానికి పీఠిక రాసినాయన పేరుతో దొరికింది నాకోసారి.

అర్థం తెలియని మాట వస్తే ఆంధ్రభారతి నిఘంటువు తెరవండి, ఒక్క మాట కొడితే బోలెడు నిఘంటువుల్లో ఉన్నది ఒకేచోట చూపిస్తుంది. స్కాన్ కాకుండా అక్షరాల రూపంలో కావాలంటే తెలుగు వికీసోర్స్ ఉంది. అన్నట్టు మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది, ఆ లోపు పుస్తకం ఎవరో పీడీఎఫ్ చేసి పెట్టారు కదా అని వందమందికి పంచకండి.

ఇంట్లో చూపు సరిగ్గా లేనివాళ్లుంటే వాళ్లనూ తీసుకెళ్లండి. ఎన్‌వీడీఏ అని స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, పెన్ డ్రైవ్‌లోంచి కూడా నడుస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త మరమనిషి గొంతులా ఉంటుంది కానీ పదినిమిషాల్లో అలవాటైపోతుంది. స్కాన్ చేసిన పుస్తకాలను మాత్రం అది చదవలేదు, దాని దృష్టిలో అవి బొమ్మలు. ఆ పేజీని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది, ఒత్తుల దగ్గర తప్పులు పోతాయి, అయినా విషయం అర్థమవుతుంది. చూపు లేనివాళ్ల కోసమే 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా ఉంది, దానికి వాళ్లు సభ్యులుగా చేరాలి.

అసలు నెట్టే లేదంటే

కంప్యూటర్ ఉంది, నెట్ బిల్లు కట్టలేదు. ఇది మీకూ ఎదురవుతుంది. లైబ్రేరియన్ మీద అరిచి ఉపయోగం లేదు, చాలాచోట్ల ఆ ఒక్క మనిషే తాళం తీయాలి, పేపర్లు సర్దాలి, పుస్తకాలు ఇవ్వాలి. సెస్సు వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ, ఖర్చుపెట్టేది జిల్లా గ్రంథాలయ సంస్థ, మధ్యలో బకాయిలు పడుతుంటాయి. కాబట్టి కాగితం రాస్తే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరున రాయండి. నెట్ పెట్టించండి అని ఒక్క ముక్కలో కాకుండా, ఫలానా శాఖలో ఎన్ని కంప్యూటర్లు ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, కనెక్షన్ ఎన్నాళ్లుగా లేదు, మీతోపాటు ఎంతమందికి అవసరం, ఇవన్నీ రాసి, రోజూ అక్కడ చదువుకునే పదిమందితో సంతకాలు పెట్టించండి. పోటీ పరీక్షల పిల్లలు ఎలాగూ పొద్దున్నే వచ్చి కుర్చీలు ఆపుకుంటారు, సంతకాలకు కరువుండదు.

జవాబు రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ మున్సిపాలిటీ నుంచి పోయిన ఏడాది సెస్సు ఎంత రావాలి, ఎంత వచ్చింది, అందులో కంప్యూటర్లకు, నెట్‌కు ఎంత ఖర్చయింది, ఈ మూడు ప్రశ్నలు చాలు. ఆ దరఖాస్తుకి మీ ఇంటిపన్ను రసీదు జిరాక్స్ ఒకటి జతచేయండి. చట్టప్రకారం అది అక్కర్లేదు, అయినా పెట్టండి.